యాప్ ఖాతా ఇంటి ఖర్చులకు సరే, ఇంటి సొమ్ముకు కాదు

రంజాన్‌కు నెల ముందు ఒకనాడు అస్ర్ నమాజు ముగిసిన తరువాత, కర్నూలు పాతబస్తీలోని మా మస్జిదు వసారాలో ఎప్పటివలెనే దరఖాస్తులు నింపుతూ కూర్చున్నాను. ఏసీలు బాగుచేసే పని చేసుకొనే ఒక యువకుడు వచ్చి పక్కన కూర్చొని తన ఫోను నా ముందుంచాడు. "చాచా, ఇది చూడండి. బ్యాంకుకు పోనక్కరలేదట. ఐదు నిమిషాలలో ఖాతా తెరుచుకుంటుందట. కనీస నిల్వ కూడా లేదు. పాత ఖాతా మూసేసి జీతం దీంట్లోనే వేయించుకుందామనుకుంటున్నాను. మీరేమంటారు?" అని అడిగాడు.

ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పి పంపవచ్చు. కాని నేను కూడా అంతకు ఐదు నెలల ముందు అటువంటి ఖాతా ఒకటి తెరిచి ఇంటి ఖర్చులన్నీ దాని ద్వారానే నడుపుతున్నాను. దానివలన కలిగిన మేలును చూశాను, చిక్కులను కూడా చూశాను. ఆ అబ్బాయికి ఆనాడు చెప్పినవీ, అప్పుడు స్ఫురించక తరువాత తోచినవీ కలిపి ఈ పత్రిక పాఠకుల ముందుంచుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పివేస్తాను. రోజువారీ ఖర్చుల సంచిగా ఈ ఖాతా మంచిదే. కాని పాత బ్యాంకు శాఖలోని ఖాతాను మూసివేసి దీనికి మారడం మన కుటుంబాలకు, ముఖ్యంగా మన స్త్రీలకు, మేలు చేయదు.

మొదట ఇది ఏమిటో తెలుసుకోవాలి. ఫోనులో కనిపించే ఆ అందమైన పేరు చాలా సందర్భాలలో బ్యాంకు పేరు కాదు. మన దేశంలో శాఖలు లేకుండా కేవలం యాప్‌తో నడిచే సంస్థకు రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా బ్యాంకు లైసెన్సు ఇవ్వలేదు. ఆ సంస్థ వెనుక ఎక్కడో ఒక లైసెన్సు గల బ్యాంకు ఉంటుంది, మన సొమ్ము ఉండేది అందులోనే. ఆ బ్యాంకు పేరు తెరమీద అడుగున చిన్న అక్షరాలలో ఉంటుంది. దానిని వెదకి చదవకుండా ముందుకు పోరాదు. పేరు తెలిస్తే మూడు సంగతులు తెలుస్తాయి. అది మామూలు బ్యాంకా, చెల్లింపుల బ్యాంకా, లేక బ్యాంకే కాని వాలెట్టా అన్నది మొదటిది. మామూలు బ్యాంకయినా చెల్లింపుల బ్యాంకయినా మన డిపాజిట్టుకు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంటుంది, వాలెట్టులోని సొమ్ముకు ఆ రక్షణ ఉండదు. ఇది రెండవది. చెల్లింపుల బ్యాంకులో 2 లక్షలకు మించి నిల్వ ఉంచరాదు, ఆ బ్యాంకు అప్పు ఇవ్వడానికి కూడా వీలులేదు. ఇది మూడవది.

ఐదు నిమిషాలలో ఖాతా తెరుచుకుంటుందన్న మాట నిజమే. అయితే బ్యాంకు సిబ్బంది ఎవరూ మన ముఖం చూడకుండా, ఆధార్‌కు వచ్చే ఓటీపీతో మాత్రమే తెరిచిన ఖాతాకు హద్దులున్నాయి. నిల్వ 1 లక్ష దాటరాదు, ఒక ఆర్థిక సంవత్సరంలో జమలు మొత్తం 2 లక్షలు దాటరాదు, ఏడాదిలోగా పూర్తి పరిశీలన జరగాలి. వీడియోలో ముఖం చూపి పరిశీలన ముగించుకుంటే ఆ హద్దులు తొలగిపోతాయి. ఈ సంగతి తెలియక, నెలకు 20 వేల జీతం అందులో వేయించుకొన్నవాడు పదకొండవ నెలలో జమ నిలిచిపోతే ఎవరిని అడగాలో తెలియక తిరుగుతాడు. అడగడానికి అక్కడ కౌంటరు ఉండదు కదా!

ఇక మేలు సంగతి. మా ఇంట్లో నా భార్య నలభై ఏళ్లుగా డబ్బును డబ్బాలలో విడదీసి పెట్టేది. పాలకు ఒక డబ్బా, కిరాణాకు ఒకటి, బంధువుల ఇళ్లలో శుభకార్యాలకు ఇచ్చే కానుకలకు ఒకటి. చేతిలో నగదు ఆడే కాలంలో ఆ పద్ధతి చక్కగా నడిచింది. 2016లో యూపీఐ వచ్చింది. మెల్లగా పాలవాడు, కూరగాయల బండివాడు, ఆటోవాడు అందరూ ఆ నల్లని చదరపు బొమ్మను అతికించుకొన్నారు. డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఖర్చు అంతా పింఛను పడే ఒకే ఖాతా నుండి పోవడం మొదలైంది. ఎంత పోతున్నదో, ఎక్కడికి పోతున్నదో ఇద్దరికీ అంతుపట్టలేదు.

యాప్ ఖాతా తెరిచిన తరువాత నెల మొదటి తేదీన 14 వేలు దానికి బదిలీ చేసి, ఇక ఇదే మన డబ్బా అనుకొన్నాము. మొదటి నెల 23వ తేదీకే అయిపోయింది. యాప్ లెక్క తీసి చూస్తే, వసారాలో నా దగ్గరకు వచ్చేవారికి తెప్పించిన టీలకు, మనవడి చిప్స్ పొట్లాలకు కలిపి 1,900 రూపాయలు! ముప్ఫై నాలుగేళ్లు రెవెన్యూ కార్యాలయంలో ఇతరుల లెక్కలు సరిచూసినవాణ్ణి, నా ఇంటి లెక్క నాకు తెలియదని ఒక యాప్ చెప్పవలసి వచ్చింది. మూడవ నెలనుండి నెలాఖరు వరకు సరిపోతున్నది. ఈ ఒక్క ప్రయోజనం చిన్నది కాదు. అప్పులు చాలా ఇళ్లలో పెద్ద ఆపదవలన కాక ఇట్టి కంటికి కనిపించని ఖర్చుల వలననే మొదలవుతాయి.

మరొక మేలు కూడా ఉంది. ఫోనుకు ముడిపడిన ఖాతాలో 5 వేలే ఉంటే, మోసగాడి వలలో పడినా పోయేది ఆ 5 వేలే. జీవితకాలపు పొదుపు ఉన్న ఖాతాను యూపీఐకి కలపకుండా పక్కన ఉంచితే రాత్రి నిశ్చింతగా నిద్ర పడుతుంది.

ఇక చిక్కుల సంగతికి వస్తాను. మనవారికి మొదట ఎదురయ్యేది పేరు. ఈ విషయాన్ని బయటివారు వ్రాసే వ్యాసాలలో నేను చూడలేదు, కనుక కొంత వివరంగా చెబుతాను. మన తెలుగు జిల్లాలలో ముస్లిం పేరు కాగితాల మీద ఎన్ని రూపాలు ఎత్తుతుందో లెక్కలేదు. "షేక్" అన్న మాట బడి రిజిస్టరులో రెండు పొడి అక్షరాలుగా "ఎస్.కె." అవుతుంది. ఆధార్‌లో అదే మాట ఒక స్పెల్లింగుతో, పాన్ కార్డులో మరొక స్పెల్లింగుతో ఉంటుంది. "ముహమ్మద్" కొన్నిచోట్ల పూర్తిగా, కొన్నిచోట్ల "ఎం.డి." అని ఉంటుంది. స్త్రీల పేర్ల వెనుక "బీ", "బేగం", "ఉన్నీసా" అన్నవి ఒక కార్డులో ఉండి మరొకదానిలో మాయమవుతాయి. ఇంటిపేరు ముందు వ్రాయాలా వెనుక వ్రాయాలా అన్నది వ్రాసే గుమాస్తా ఇష్టం. నిజం చెప్పాలంటే ఆ తప్పులలో కొన్ని నా చేతితో వ్రాసినవే. రేషన్ కార్డుల సర్వే రోజులలో పొద్దుగుంకే లోపల వంద ఇళ్లు ముగించాలన్న తొందరలో, "పూర్తి పేరు చెప్పమ్మా" అని రెండవసారి అడిగే ఓపిక మాకు ఉండేది కాదు.

బ్యాంకు శాఖలో ఉన్న మనిషి ఈ తేడాను చూసి, ఇద్దరూ ఒకరేనని గ్రహించి, ఒక ప్రమాణపత్రం తెమ్మని దారి చూపేవాడు. యాప్‌కు అటువంటి గ్రహింపు లేదు. ఆధార్ పేరు, పాన్ పేరు అక్షరం తేడా వచ్చినా "పరిశీలన విఫలమైంది" అని తేల్చివేస్తుంది. మా మహల్లాలో ఒక సోదరికి నాలుగుసార్లు అట్లే జరిగింది. తన దగ్గర ఏదో నేరం కనిపెట్టారని ఆమె భయపడిపోయింది. ఎవరూ ఏ నేరమూ కనిపెట్టలేదని, ఆమె పేరులో "బీ" ఒక కార్డులో విడిగా, మరొక కార్డులో కలిపి ఉన్నదని చెప్పడానికి నాకు అరగంట పట్టింది.

కనుక ఖాతా తెరవబోయే ముందు చేయవలసిన పని, ఇంట్లో ఉన్న కార్డులన్నీ చాప మీద పరచి పేర్లు పోల్చుకోవడం. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండే అవకాశాలు ఇస్తారు. తొందరపడి ఒక తప్పును మరొక తప్పుతో మార్చుకోరాదు. పదవ తరగతి సర్టిఫికెట్టు ఉన్నవారు దానిలోని పేరునే ప్రమాణంగా తీసుకొని మిగిలినవన్నీ దానికి సరిచేసుకోవడం మేలు. పిల్లల విషయంలో ఈ పని బడిలో చేర్చే రోజుననే చేయాలి. ఈ పేర్ల తికమక వలన రేపు పాస్‌పోర్టు, వారసత్వ ధ్రువపత్రం, ఓటరు జాబితా అన్నిచోట్లా ఇబ్బంది వస్తుంది. ఓటరు జాబితా దగ్గర వచ్చే ఇబ్బంది ఎంత దూరం పోగలదో ఈ పత్రిక పాఠకులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవ చిక్కు ప్రభుత్వ సొమ్ముకు సంబంధించినది. ఖాతా తెరిచేటప్పుడు వరుసగా వచ్చే చిన్న గళ్లలో ఒకటి, ప్రభుత్వ రాయితీలు ఈ ఖాతాలోనే వేయవచ్చునా అని అడుగుతుంది. దాన్ని చదవకుండా టిక్కు పెడితే ఆధార్ ముడి పాత ఖాతా నుండి కొత్త ఖాతాకు మారుతుంది. ఆధార్ ఆధారంగా వేసే సొమ్ము చివరగా ముడిపడిన ఖాతాకే పోతుంది. గ్యాసు రాయితీ, పిల్లల ఉపకారవేతనం, మన రాష్ట్రంలో 2025 నుండి తల్లుల ఖాతాలలో వేస్తున్న తల్లికి వందనం సొమ్ము, ఇవన్నీ అట్లే దారి మళ్లవచ్చు. ఇది ఊహ కాదు. 2017లో ఎయిర్‌టెల్ సిమ్ పరిశీలనకు ఆధార్ ఇచ్చిన ఎందరికో తెలియకుండానే ఆ సంస్థ చెల్లింపుల బ్యాంకులో ఖాతాలు తెరుచుకొని, గ్యాసు రాయితీ అందులోకి పోయిందన్న ఫిర్యాదులు రాగా, ఆ డిసెంబరులో ఆధార్ సంస్థ వారి ఇ-కేవైసీ అనుమతిని కొంతకాలం నిలిపివేసింది. కార్యాలయంలో ఫైలు చదవకుండా సంతకం పెట్టే అధికారిని మేము ఎంత తిట్టుకొనేవాళ్లమో గుర్తుకు వస్తుంది. ఇప్పుడు "అంగీకరిస్తున్నాను" అన్న మీటను చదవకుండా నొక్కుతున్న మనమందరమూ ఆ అధికారులమే.

జన్‌ధన్ ఖాతా ఉన్నవారికి ఇక్కడే మరొక మాట. అటువంటి ప్రాథమిక పొదుపు ఖాతా ఉన్న బ్యాంకులోనే మరొక పొదుపు ఖాతా ఉండరాదని నియమం. యాప్ వెనుక ఉన్న బ్యాంకు అదే అయితే ప్రాథమిక ఖాతాను వదులుకోవలసి వస్తుంది. కనీస నిల్వ అక్కరలేని ఖాతా మీ చేతిలో ముందే ఉన్నప్పుడు, కనీస నిల్వ లేదన్న ప్రకటనకు ఆశపడనక్కరలేదు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే కలవరపెట్టే విషయానికి వస్తాను. బ్యాంకు పుస్తకం స్త్రీ పేరున ఉంటే అది ఆమె బీరువాలో ఉండేది. యాప్ ఖాతా ఆమె పేరున ఉన్నా అది ఉండేది ఫోనులో. ఆ ఫోను ఎవరిది? మా వీధిలో జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లలను పెంచిన ఒక వితంతు సోదరి ఉన్నది. ఆమె పెద్ద కొడుకు తల్లికి శ్రమ తగ్గిద్దామన్న మంచి మనసుతోనే, ఆమె ఆధార్‌తో తన ఫోనులో ఖాతా తెరిచాడు. కుట్టుకూలీ అంతా అందులోనే పడేది. ఆరు నెలల తరువాత ఆమె నా దగ్గరకు వచ్చి, "భాయ్‌సాబ్, నా డబ్బు ఎంతున్నదో అడిగితే ఉన్నదిలే అమ్మీ అంటున్నాడు. ఎంతో చెప్పడు. నేను అడగడం తప్పా?" అన్నది.

తప్పు కాదు. స్త్రీ సంపాదన, ఆమె మహర్, ఆమె వారసత్వపు వాటా ఆమె సొంతమని, భర్తకు గాని కొడుకుకు గాని ఆమె అనుమతి లేకుండా దానిపై హక్కు లేదని మన ధర్మం పద్నాలుగు వందల ఏళ్ల క్రిందటే నిర్ణయించింది. ఆ హక్కును మనము ఇప్పుడు ఒక ఓటీపీ దగ్గర పోగొట్టుకొంటున్నాము. ఆధార్‌కు ముడిపడిన నంబరు భర్తదో కొడుకుదో అయినంతకాలం, ఆ స్త్రీ పేరున ఎన్ని ఖాతాలున్నా వాటి తాళం ఆమె చేతిలో లేనట్టే. కుమారుడు దొంగ అని నేను అనడం లేదు. ఆ అబ్బాయి నిజానికి ఆ డబ్బుతో చెల్లెలి ఫీజే కట్టాడు. కాని అడిగితే లెక్క చెప్పవలసిన సొమ్ము అది. అప్పు వ్యవహారాన్ని సాక్షులతో వ్రాసుకొమ్మని ఆదేశించిన ఆయత్ దివ్య ఖుర్ఆన్‌లోని అన్ని ఆయత్‌ల కంటే పెద్దది. ఇంటిలోని వారి మధ్య లెక్క చెప్పుకోవడం అవమానమని భావించేవారు ఆ సంగతి తలచుకోవాలి.

కనుక స్త్రీ పేరున యాప్ ఖాతా తెరిచే ముందు ఆమె ఆధార్‌కు ఆమె సొంత నంబరు కలపాలి. అది ఆధార్ కేంద్రంలో చేయించుకోవచ్చు. ఫోను కొనలేని ఇంట్లో ఆమెకు శాఖలోని ఖాతా, పుస్తకం ఉండనివ్వండి. ఫోనులో ఖాతా ఉండడం గొప్ప, పుస్తకం పట్టుకొని వరుసలో నిలబడడం నామోషీ అన్న భావన మన యువకులలో పెరుగుతున్నది. అది సరికాదు.

వడ్డీ సంగతి ఈ పత్రికలో వ్రాయకుండా ఎట్లా ఉంటుంది? పొదుపు ఖాతా ఏదైనా వడ్డీ వేస్తుంది, యాప్ ఖాతా కూడా అంతే. నెల పొడుగునా సగటున 8 వేలు ఉంటే, 3 శాతం చొప్పున ఏడాదికి 240 రూపాయలు. ఈ విషయంలో యాప్‌కు ఒక మంచి మార్కు వేయవలసిందే. బ్యాంకు పుస్తకంలో మూడు నెలలకొకసారి అచ్చుపడే వడ్డీ వరుసను మనలో చాలామంది చూసుకొనేవారు కారు. యాప్ దానిని వెంటనే విడిగా చూపుతుంది. ఎంత తీసి పక్కన పెట్టాలో తెలిసిపోతుంది. ఆ సొమ్మును బ్యాంకులోనే వదలక, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలన్నది మన దేశపు ఉలమాలలో ఎక్కువమంది చెప్పే మాట. మీ ముఫ్తీ సాహెబును అడిగి నడుచుకోండి. చిల్లర ఖర్చులకు యూపీఐ లైట్ అనే సదుపాయం ఉంది. అందులో 5 వేల వరకు ఉంచుకోవచ్చు, ఆ నిల్వకు వడ్డీ ఉండదు. వ్యాపారం చేసేవారికి కరెంటు ఖాతా ఉంది, దానికీ వడ్డీ రాదు. కాకపోతే దానికి కనీస నిల్వ సాధారణంగా ఎక్కువే అడుగుతారు.

యాప్‌లో నన్ను బాధించింది వచ్చే వడ్డీ కంటే మనచేత కట్టించే వడ్డీ. ఖాతా తెరిచిన పదవ రోజునుండే "మీకు ముందుగానే ఋణం మంజూరైంది" అన్న సందేశాలు మొదలైనాయి. బిల్లు కట్టబోతే "ఇప్పుడు కొనండి, తరువాత చెల్లించండి" అని మరొక మీట, సరిగ్గా చెల్లించే మీట పక్కనే, అదే రంగులో. శాఖలో అప్పు కావాలంటే అడగాలి, కాగితాలు ఇవ్వాలి, పదిసార్లు తిరగాలి. ఆ తిరుగుడులో మనిషికి ఆలోచించుకొనే వ్యవధి ఉండేది. ఇక్కడ ఆ వ్యవధి లేదు. గడువు దాటితే ఆలస్య రుసుము, దానిపై వడ్డీ. 2020 చివరలో తెలంగాణలో ఋణ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకొన్నవారి వార్తలు మనము మరచిపోరాదు. ఆ తరువాత 2022లో రిజర్వు బ్యాంకు డిజిటల్ ఋణాలకు నియమాలు పెట్టింది. నియమాలు వచ్చాయి, మీట మాత్రం అక్కడే ఉంది. యాప్ సెట్టింగులలో ఋణ సందేశాలకు, ఫోనులోని పేర్ల పట్టిక చూడడానికి ఇచ్చిన అనుమతులను తీసివేయడం మొదటిరోజే చేయవలసిన పని.

మరొక సంఘటన చెబుతాను. మా పక్కవీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడికి ఒక అపరిచితుడు యూపీఐ ద్వారా 1,800 రూపాయలు ఇచ్చి తెర మార్పించుకొని వెళ్లాడు. మూడు వారాలకు ఆ కుర్రవాడి ఖాతా మొత్తం స్తంభించిపోయింది. ఆ 1,800 ఎక్కడో వేరే రాష్ట్రంలో జరిగిన సైబరు మోసపు సొమ్ములో భాగమట. అక్కడి పోలీసులు ఆ డబ్బు నడిచిన దారిలోని ఖాతాలన్నిటినీ ఆపమన్నారు. అతని ఖాతాలో 62 వేలు ఉన్నాయి. అందులో చెల్లెలి నికాహ్ కొరకు దాచినవే 40 వేలు. బ్యాంకును అడిగితే పోలీసులను అడగమన్నారు. పోలీసుల ఫోను ఎత్తినవారు లేరు. పేరు చూసి మరింత అనుమానిస్తారేమోనని ఆ కుర్రవాడు ఊరు దాటి వెళ్లడానికి జంకాడు. ఆ జంకు ఎక్కడినుండి వచ్చిందో నేను వివరించనక్కరలేదు.

ఇటువంటి స్థితిలో ఏమి చేయాలి? ఖాతాను ఆపమన్న ఫిర్యాదు సంఖ్య, పోలీసు స్టేషను పేరు, అధికారి వివరాలు వ్రాతపూర్వకంగా ఇమ్మని బ్యాంకును అడగాలి. ఆ సొమ్ము ఏ పనికి వచ్చిందో చూపే బిల్లు జతచేసి, అనుమానం ఉన్న మొత్తాన్ని మాత్రమే నిలిపి మిగిలినది వదలమని అర్జీ పెట్టాలి. కేరళ హైకోర్టు 2023లో ఇదే దారి చూపింది. పోలీసులు పేర్కొన్న మొత్తం వరకే ఖాతాను ఆపాలని బ్యాంకులకు చెప్పింది. మా కుర్రవాడి విషయంలో అర్జీల మీద అర్జీలు పెట్టగా రెండున్నర నెలలకు ఖాతా విడుదలైంది. నికాహ్‌కు అప్పటికే బంధువుల దగ్గర చేబదులు తెచ్చుకొన్నారు.

యాప్ ఖాతాను నేను సమర్థించడానికి అసలు కారణం ఈ సంఘటనే. దుకాణానికి వచ్చే చిల్లర జమలు ఒక ఖాతాలో, దాచుకొనే సొమ్ము మరొక బ్యాంకులోని ఖాతాలో ఉండి ఉంటే, ఆనాడు స్తంభించేది ఏ రెండు వేలో మూడు వేలో. పెళ్లి సొమ్ము ఆగేది కాదు.

సొమ్ము పోయినప్పుడు మాత్రం యాప్‌లోని మాటల పెట్టెలో టైపు చేస్తూ కూర్చోరాదు. వెంటనే 1930కు ఫోను చేయాలి, బ్యాంకుకు తెలియజేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. మన తప్పు లేకుండా మూడవ వ్యక్తి వలన పోయిన సొమ్మును మూడు పనిదినాలలో తెలిపితే నష్టం మనపై ఉండరాదని రిజర్వు బ్యాంకు 2017లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఓటీపీ మనమే చెబితే ఆ రక్షణ పనిచేయదు. బ్యాంకు 30 రోజులలో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు వ్రాయవలసింది యాప్ పేరు కాదు, దాని వెనుక ఉన్న బ్యాంకు పేరు. మొదట ఆ చిన్న అక్షరాలు చదవమన్నది ఇందుకే.

చావు గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పుస్తకం లేని ఖాతా ఉన్నదని ఖాతాదారు మరణించిన తరువాత ఎవరికి తెలుస్తుంది? ఫోను తాళం తెరుచుకోదు, సిమ్ కొన్నాళ్లకు రద్దవుతుంది. పదేళ్లు ఎవరూ అడగని సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిధికి పంపివేస్తాయి. అటువంటి సొమ్మును వెదకడానికి 2023 నుండి ఉద్గమ్ అనే పోర్టల్ ఉన్నది కాని, ఉన్నదని తెలిసినవారే వెదకుతారు. కనుక ఖాతాల పేర్లు ఒక కాగితం మీద వ్రాసి వసీయత్ కాగితాలతో ఉంచండి. నామినీ పేరు తప్పక వ్రాయండి. అయితే నామినీ అంటే సొమ్ము అందుకొనే ధర్మకర్త మాత్రమే, ఏకైక వారసుడు కాడు. ఆ సొమ్ము షరీఅత్ ప్రకారం కుమార్తెలతో సహా అందరికీ పంచవలసినదే. నామినీగా తన పేరున్నదని చెల్లెళ్లకు వాటా ఎగవేసిన అన్నలను నేను మస్జిదు మొదటి వరుసలోనే చూశాను.

జకాత్ లెక్కలో కూడా ఈ ఖాతాను మరువరాదు. ఖర్చుల ఖాతా కదా అని వదిలేస్తున్నారు. జకాత్ తేదీనాడు అందులో మిగిలినది కూడా మీ ధనమే.

ఇక శాఖను వదలవద్దని ఎందుకు అంటున్నానో చెప్పి ముగిస్తాను. 2006లో సచార్ కమిటీ తన నివేదికలో, కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల ప్రాంతాలుగా గుర్తించి అక్కడ ఋణాలు సులభంగా ఇవ్వకపోవడాన్ని ఎత్తిచూపింది. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగును పరిశీలించమన్నది. రిజర్వు బ్యాంకు 2017లో ఆ ఆలోచనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది. అంటే ఇప్పటికీ మనకున్నది వీధి చివర ఉన్న ఆ శాఖే. కుట్టుమిషను రాయితీ పథకానికైనా, కుమారుని విద్యకైనా, మస్జిదు కమిటీ ఖాతాకైనా అక్కడి మేనేజరు సంతకమే కావాలి. ఆయన చూసేది ఏళ్ల తరబడి నడిచిన ఖాతాను. మన మహల్లా జనమంతా యాప్‌లకు తరలిపోతే ఆ శాఖలో మన పేరున మిగిలేది ఖాళీ పుటలే. వ్యాపారం లేదని రేపు ఆ శాఖనే ఎత్తివేస్తే అడగడానికి మన దగ్గర ఏ ఆధారం ఉంటుంది? యాప్ సంస్థ మన మహల్లాలో ఎన్నడూ శాఖ తెరవలేదు, కనుక మూసివేయనక్కరలేదు. 2024 జనవరి 31న రిజర్వు బ్యాంకు పేటీఎం చెల్లింపుల బ్యాంకుపై ఆంక్షలు విధించి, మార్చి 15 తరువాత కొత్త జమలు ఆపివేసినప్పుడు, ఖాతాలో ఉన్నది తీసుకొనే వీలు ఉంచింది గాని, అదే ఏకైక ఖాతాగా పెట్టుకొన్నవారు నెలన్నర లోపల మరొకచోటు వెదకుకోవలసి వచ్చింది.

మస్జిదు కమిటీలు ఈ విషయంలో నెలకు ఒక్క ఆదివారం కేటాయించగలవు. నలుగురు చదువుకొన్న పిల్లలు, ఒక ప్రింటరు, పేర్లు సరిచూసే ఓపిక ఉంటే చాలు. స్త్రీలకు స్త్రీలే చెప్పే ఏర్పాటు ఉండాలి. మా మస్జిదులో ముతవల్లీ సాహెబు మొదట ఇది దీనీ పని కాదన్నారు. ఆయన కోడలి తల్లికి వందనం సొమ్ము తెలియని ఖాతాకు పోయిన తరువాత వసారాలో బల్ల వేయించారు.

ఏసీ పని చేసే అబ్బాయి పాత ఖాతా మూయలేదు. జీతం అక్కడే పడుతున్నది, నెలకు 9 వేలు యాప్‌కు పంపుకొంటున్నాడు. వీడియో పరిశీలన రెండుసార్లు విఫలమైంది, పాన్ కార్డులో అతని పేరు ముందు "ఎం.డి." అని ఉండడమే కారణం. పేరు సవరణకు దరఖాస్తు నేనే నింపాను. రసీదు అతని పర్సులో ఉంది. కుట్టుపని చేసే సోదరికి ఆమె కూతురు పాత ఫోను ఒకటి ఇచ్చింది. ఆధార్ కేంద్రంలో నంబరు మార్పుకు వచ్చే మంగళవారం రమ్మన్నారు.